విమానానికి తరుగు

ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు సరిగ్గా మూడు కిలోలు. పాపాల్లో ఇదేమంత పెద్ద తూకం కాదు. అయినా దింపుకోలేకపోయాను. మీరు కురుమూర్తికి తెలిసినవాళ్లు కారు కాబట్టి మీ ముందు దింపుతున్నాను.

వనపర్తిలో డిప్లొమా చదివే రోజుల్లో నా స్నేహితుడు కురుమూర్తి రిమోట్‌తో ఎగిరే ఒక చిన్న జెట్ విమానం చేశాడు. గోపాల్‌పేట వడ్రంగి కొడుకు. ఆ రెక్కలు చూస్తే కొంగ కూడా కుళ్లుకునేది. హైదరాబాద్‌లో ఒక సీనియర్ దగ్గర రెండు టర్బైన్ ఇంజన్లుండేవి, చిన్నదొకటి, పెద్దదొకటి. విమానం బరువు చెబితే, దాన్ని లేపగలిగే బలమున్నది అరువిస్తానన్నాడు. తూచే పని నాకు పడింది. మాది కొల్లాపూర్‌లో మామిడి మండీ మరి.

కాంటాకు వేలాడదీశాను. పన్నెండు కిలోలు. అలవాటుపడ్డ చెయ్యి ఊరుకుంటుందా? గంప బరువు రెండు, కుళ్లిన కాయల కింద తరుగు ఒకటి తీసేసింది. ఎస్టీడీ బూత్ నుంచి తొమ్మిదని చెప్పాను. గంప ఎక్కడుంది? విమానంలో కుళ్లిన కాయలెక్కడివి? ఈ ప్రశ్నలు అప్పుడు తట్టలేదు.

చిన్న ఇంజనే వచ్చింది. వేరుశనగ తీసేసిన చేన్లో, ఊరంతా చూస్తుండగా, విమానం గొప్పగా అరిచింది. చేను చివరిదాకా ఉరికింది. లేవలేదు. కంపచెట్లలో దూరి ఆగింది. "మీవోడు మంచి ట్రాక్టర్ జేసిండు" అని ఒక పెద్దమనిషి కురుమూర్తి వాళ్ల నాయినను మెచ్చుకున్నాడు. తప్పు రెక్కలదేనని అందరూ తేల్చేశారు. పొట్టిగైనాయట.

ఆ సాయంత్రం మండీలో మా నాయిన ఎవరినో "తరుగు తీసినవా?" అని అడుగుతుంటే నా కడుపులో ఒక కాయ కుళ్లింది. మర్నాడు చెప్పేద్దామనే వెళ్లాను. కురుమూర్తి రంపంతో రెక్కలు కోస్తున్నాడు.

"తూకం సక్కగ చూసినవారా?"

"కాంటా మీద పుట్టినోన్ని, నన్నే అడుగుతవా?"

"గట్లయితే నా రెక్కలే పొట్టిగైనయ్ తియ్."

నవ్వాడు. నవ్వుతూనే రెండో రెక్క కూడా కోశాడు. ఎందుకు చెప్పలేదు? భయమా? భయమైతే కొంత గౌరవంగానైనా ఉండేది. అందరినీ నవ్వించేవాణ్ణి కదా, మామిడికాయల లెక్కన విమానాన్ని తూచిన మొనగాడని అందరూ నన్ను చూసి నవ్వుతారేమోనని బెంగ. అంతే.

మళ్లీ అతను విమానం ముట్టలేదు. మంచాలు చేస్తాడు. ఏది చేసినా ఉండాల్సినదానికన్నా జానెడు పొడుగే. "పొట్టిగైతే మల్ల మాటొస్తది" అంటాడు. నా పెళ్లికి అతనిచ్చిన మంచం లోపలికి తేవడానికి దర్వాజా ఊడదీయాల్సి వచ్చింది. నేనెంత కాళ్లు చాపినా ఆ చివర జానెడు జాగా మిగిలే ఉంటుంది.

రెక్కలు సరిగ్గానే ఉన్నాయి. బరువు పన్నెండు కిలోలు. ఈసారి తరుగు తీయకుండా చెబుతున్నాను.