కుళాయి మాస్టారు వీపు తిప్పిన రోజు

పని వచ్చినవాడికి పాఠం చెప్పడం దానంతటదే వచ్చేస్తుందని ఎవరు పుట్టించారో గాని, వాళ్ళు మన కుళాయి మాస్టారి తరగతిలో ఒక్కపూట కూడా కూర్చుని ఉండరు. ఇరవై రెండేళ్ళు పైపుల పని చేసిన మనిషి. సింకుల కింద దూరి దూరి మోకాళ్ళు అరిగిపోతే, వృత్తివిద్యా కళాశాలలో తాత్కాలిక బోధకుడిగా చేరాడు. ఆయన దగ్గర పన్నెండు మంది, అందరూ పెద్దవాళ్ళే. వాళ్ళలో అందరికన్నా పెద్ద, రిటైరైన బస్సు కండక్టరు. ఆయన్ని మాస్టారు బాబాయ్ అనే పిలుస్తాడు.

మాస్టారికి రెండు జబ్బులు. మొదటిది, మాటకి ముందొకటీ వెనకొకటీ "అర్థమైందా?" అనడం. ఆయన అడగ్గానే పన్నెండు తలలూ గంగిరెద్దుల్లా ఊగేవి. రెండోది, ఎవరైనా రెంచి వంకరగా పట్టుకుంటే చూస్తూ ఊరుకోలేకపోవడం. "ఇటివ్వండి, నేను బిగిస్తా" అని లాక్కునేవాడు. అలా నాలుగు నెలల్లో వర్క్‌షాపు నిండా చుక్క కారని జాయింట్లు తయారయ్యాయి. అన్నీ ఆయన బిగించినవే!

అలాంటివాడి నెత్తిన పరిశీలన వచ్చి పడింది. బయటి నుంచి ఓ అధికారిణి వచ్చి గంటసేపు పాఠం చూస్తుంది. బాగుందంటే ఉద్యోగం ఖాయం. లేదంటే మళ్ళీ సింకుల కిందకే.

"ఆ మోకాళ్ళతో దూరితే, మిమ్మల్ని బయటికి లాగడానికి ఇంకో ప్లంబర్ని పిలవాలి" అంది భార్య. నవ్వుతూనే అంది గాని, ఇద్దరికీ లోపల బెంగగానే ఉంది.

మాస్టారికి సలహాలివ్వమని ప్రిన్సిపాల్ కుట్టుపని నేర్పే మేడమ్‌ని పురమాయించాడు. ఆవిడ వయసులో పదేళ్ళు చిన్న. సూది పట్టుకునే పిల్ల నాకు రెంచి నేర్పుతుందా అని మాస్టారు మూతి ముడుచుకున్నాడు. ఆవిడ ఓ రోజు వెనక బెంచీలో కూర్చుని, క్లాసు అయ్యాక చిన్న కాగితం తీసింది.

"మాస్టారూ, గంటలో నలభై ఒక్కసార్లు అర్థమైందా అన్నారు. వాళ్ళు నలభై ఒక్కసార్లూ ఆఁ అన్నారు. మీరు ఒక్కరి చేతా పని చేయించలేదు."

"నాకు పని రాదంటారా?"

"మీకొచ్చని ఊరంతా తెలుసండీ. వాళ్ళకొచ్చో రాదో మీకు తెలుసా?"

ఆవిడ చెప్పిన మందు కూడా చిన్నదే. అడగొద్దు, చేయించండి. చేతులు మాత్రం వెనక్కి కట్టుకోండి. పోతూ పోతూ ఇంకో మాట చెప్పింది. "పరిశీలన ఫారంలో ఒక గడి ఉంటుంది. ముఖం ఎప్పుడూ విద్యార్థుల వైపే ఉండాలి. మర్చిపోకండి."

పరిశీలన రోజు అధికారిణి కళ్ళజోడు పెట్టుకుని, నాలుగు పేజీల ఫారంతో ముందు వరసలోనే కూర్చుంది. ఆ రోజు పాఠం, పైపు చివరి మరచుట్ల మీద తెల్ల టేపు చుట్టడం. టేపు సరిగ్గా చుడితేనే జాయింటు కారదు. మాస్టారు అందరికీ ఎదురుగా నిలబడి నీటుగా చుట్టి చూపించాడు. "అర్థ..." అని నోటిదాకా వచ్చింది, దగ్గులో కలిపి మింగేశాడు.

"ఇప్పుడు మీరు చెయ్యండి" అని చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

పన్నెండు మందీ చుట్టారు, బిగించారు. మాస్టారు నీళ్ళు వదిలాడు. పన్నెండు జాయింట్లూ కారాయి. బాబాయ్‌దైతే చిమ్మి, అధికారిణి కళ్ళజోడు తడిపేసింది. మాస్టారు అక్కడికక్కడే నీరుగారిపోయాడు.

కానీ పనివాడి కన్ను కదా, వంగి చూశాడు. బిగిస్తుంటే టేపు లేచిపోయి ముద్దయింది. అన్నిట్లోనూ అంతే. పన్నెండు మందీ బిగించే దిక్కుకి కాకుండా ఎదురు దిక్కుకి చుట్టారు. ఒకరిద్దరు తప్పు చేస్తే వాళ్ళ అజాగ్రత్త అనుకోవచ్చు. అందరూ ఒకే తప్పు చేశారంటే, నేర్పినవాడొకడున్నట్టే.

"తప్పు మీది కాదు, నాది" అన్నాడు. "నేను ఎదురుగా నిలబడి చూపించా. మీరు అద్దంలో చూసినట్టు నేర్చుకున్నారు. నా కుడి మీకు ఎడమైపోయింది."

ఫారం వైపు చూశాడు. గడి గుర్తుంది, మోకాళ్ళూ గుర్తున్నాయి. అయినా క్లాసుకి వీపు తిప్పేశాడు. "అందరూ నా వెనక్కి రండి. నా భుజం మీదుగా చూడండి."

పాఠం చూడ్డానికొచ్చి వెనక బెంచీలో కూర్చున్న కుట్టు మేడమ్ తల పట్టుకుంది. అధికారిణి పెన్ను చకచకా కదిలింది. మాస్టారు మాత్రం తాపీగా, ఒక్కో చుట్టూ ఆపి ఆపి చూపించాడు. అందరూ టేపు విప్పి మళ్ళీ మొదలుపెట్టారు. ఏమనుకుందో, అధికారిణి కూడా లేచి ఓ పైపు అందుకుంది.

నీళ్ళు వదిలితే పన్నెండూ పొడి. పదమూడోది, అధికారిణిది, బొట్టు బొట్టుగా కారుతోంది. మాస్టారి చేతులు దురదపెట్టాయి. బలవంతాన ఆపుకున్నాడు.

"మేడమ్, విప్పి మళ్ళీ చుట్టండి."

ఆవిడ ఎగాదిగా చూసి, విప్పి, చుట్టి, బిగించింది. ఈసారి చుక్క రాలేదు. చిన్నపిల్లలా నవ్వేసి, ఫారం మీద ఏదో రాసింది.

"ముఖం గడిలో సున్నా వేశా, తప్పదు. మిగతా గళ్ళు చాలు, ఉద్యోగం మీదే. ఆ గడి సంగతి నేను పైవాళ్ళతో మాట్లాడతా."

చప్పట్లు మోగాయి. కుట్టు మేడమ్ అందరికన్నా గట్టిగా కొట్టింది. సందడి తగ్గాక అందరూ సంచులు సర్దుకుంటుంటే, బాబాయ్ మాత్రం కదల్లేదు.

"మాస్టారూ, ఇన్నాళ్ళూ తలూపాను గాని, నాకు మొదటి రోజు నుంచీ ఏమీ తెలీలేదయ్యా. ఇంటికొచ్చే నీళ్ళు ఎక్కడ కట్టెయ్యాలో కూడా తెలీదు. అన్నీ మా ఆవిడే చూసుకునేది. పోయినేడు ఆవిడ పోయింది. వంటింట్లో కుళాయి కారుతుంటే కింద బకెట్ పెట్టుకుని కూర్చున్నా. అందుకే చేరాను."

సంచి తగిలించుకున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. "నాకూ రెండో పాఠం నుంచి తెలీదండీ" అని ఒకాయన గొణిగాడు. "నాకూ" అంది ఇంకొకామె.

నాలుగు నెలల్లో ఎవరూ మాస్టారికి ఇంత నిజం చెప్పలేదు. బాబాయ్ చెయ్యి పట్టుకుని, గోడ పక్కన నీళ్ళు కట్టేసే పెద్ద వాల్వు దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఇదిగో బాబాయ్, మీ ఇంటి బయట ఇలాంటిదే ఒకటుంటుంది" అంటూ మొదటి పాఠం మొదలుపెట్టాడు.