ఏడాదికి రెండంగుళాలు

భూమి కదులుతోందని తిండి మానేసిన మనిషి మెదక్‌లో ఒక్కడే ఉన్నాడు. దర్జీ ఖుద్దూస్. నేను బళ్లో సోషల్ చెబుతాను. అతని దుకాణం పై గదిలో అద్దెకుంటాను. అందుకే ఆ బెంగలో సగం నా చెవినే పడేది.

తప్పు నాదే. హిమాలయాలు ఎట్ల పుట్టినయని అతనడిగితే, బల్ల మీది గుడ్డను రెండు వైపుల నుంచి దగ్గరకు తోశాను. మధ్యలో మడత లేచింది.

"మనమున్న నేల ఒక పెద్ద పలక. గది ఉత్తరం దిక్కు జరిగి ఆసియా పలకను గుద్దుతున్నది. రెండిట్ల ఏదీ సులువుగ కిందికి మునగదు. గందుకే నలిగి గిట్ల పైకి లేస్తయి."

"ఎంత జరుగుతది సార్?"

"ఏడాదికి రెండంగుళాలు."

"యా అల్లా! గంత తేడాకు ప్యాంటే పాడైతది!"

ఆనాటి నుంచి కొలతలకొచ్చిన వాళ్లందరికీ కొండలే. పెళ్లికొడుకు అమాన్ తెచ్చిన షేర్వాణీ గుడ్డతో ఖుద్దూస్ ఏకంగా ఎవరెస్టే లేపాడు.

"చాచా, ఎల్లుండే నా నిఖా!"

"నిఖా ఆగుతది బేటా, పలక ఆగదు!"

దుకాణంలో గుండీలు కుట్టే రామమ్మ పడీపడీ నవ్వేది. "మన కోటగుట్ట గూడ పెరుగుతదా భాయ్?"

"లేదక్కా, గది ముసలి రాయి. హిమాలయాలదే పరేషాన్. పలకలు ఒకదాన్నొకటి పట్టుకొని ఇరుక్కుంటయి. ఒత్తిడి పెరిగి పెరిగి ఒక్కసారే జారితే భూకంపం!"

"నువ్వు కుట్టిన బిగుతు అంగీకి గుండీ తెగినట్టా?"

అతను నవ్వేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం ఎదురు హోటల్ టీవీలో వార్త వచ్చింది. ఉత్తరాన కొండల్లో భూకంపం. రామమ్మ కూతురు కావ్య అక్కడే ఒక దవాఖానలో నర్సు. ఫోన్ చేస్తే కలవలేదు. రామమ్మ చేతిలోని సూది జారిపోయింది.

ఇక ఖుద్దూస్‌ను ఎవరు పట్టుకోవాలా అని నేను కిందికి పరుగెత్తాను. అతను నెమ్మదిగా ఆమె చేతికి నీళ్ల గ్లాసిచ్చాడు.

"ఏం కాదక్కా. చిన్న కుదుపు. టవర్ పోయి ఉంటది. జర నీళ్లు తాగు."

రెండు గంటలు ఆమె పక్కనే కూర్చుని ఫోన్ నొక్కుతూనే ఉన్నాడు. గొంతు ఒక్కసారీ వణకలేదు. చివరికి కావ్యే చేసింది.

"అమ్మా, మంచిగున్న. పేషెంట్లందర్ని బయటికి తెచ్చినం. గిప్పటిదాక లైన్ కలువలే."

రామమ్మ ఏడుస్తూనే నవ్వింది.

ఆమె ఇంటికెళ్లాక ఖుద్దూస్ నా గదికి వచ్చాడు. నేనిచ్చిన చాయ్ సగం చొక్కా మీదే పోసుకున్నాడు.

"చిన్న కుదుపని నీకెట్ల తెలుసు?" అన్నాను.

"నాకేం తెల్వదు సార్. కావ్య గాడికి పోయినప్పటి సంది అక్క పరేషాన్ అయితుండె. అన్నం గూడ తినకపోతుండె. ఒకరోజు నేను భయపడితే నవ్వింది. ఇగ ఆమె భయం గూడ నేనే పడుదామనుకున్న."

"అంటే ఇన్నాళ్లూ యాక్టింగేనా?"

"మొదట్ల యాక్టింగే సార్," అని చొక్కా తుడుచుకున్నాడు. "మీరు చెప్పినయన్ని నిజమేనని తెలిసినంక, ఇగ నిజంగనే భయమైతున్నది!"