పెద్దమ్మ ఊపిరి మిషను

మా పెద్దమ్మ పోయింది. ఉదయగిరి బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతులోంచి ఆత్మకూరుకు ఫోను చేసి ఆ కబురు చెప్పింది నేనే. అవతల పాస్టరుగారు, "నిద్రలోనేనా? ఎంత ధన్యురాలయ్యా!" అన్నారు. ఆయన తప్పేం లేదు. మన సంఘంలో ఎవరు పోయినా నిద్రించారనే అంటాం. పెద్దమ్మ విషయంలో మాత్రం ఆ మాట నా నోటికి రావడం లేదు. నిద్రంటే ఆమెకు ఎంత భయమో నాకు తెలుసు. సంఘం పత్రికకు నాలుగు మాటలు రాసిమ్మన్నారు కాబట్టి రాస్తున్నాను. తీపి మాటలే కావాలంటే ఇంకెవరినైనా అడగాల్సింది.

ఆమె మా అమ్మకు అక్క. గవర్నమెంటు ఆస్పత్రుల్లో నర్సుగా చేసి రిటైరయింది. ఆ తర్వాత ఇంటిపట్టున ఉండకుండా, సంఘం కమిటీ మూలన పడేసిన పాత వ్యాను ఒకటి అడిగి తీసుకుంది. అందులో ఒక పక్క పడుకోవడానికి బల్ల, ఇంకో పక్క మందుల పెట్టెలు, వెనక నీళ్ళ డ్రమ్ము, కిరసనాయిలు స్టవ్వు. నెలలో సగం రోజులు ఉదయగిరి కొండ చుట్టుపక్కల పల్లెల్లోనే. ఒక్కో ఊళ్ళో రెండు రోజులు, మూడు రోజులు మకాం. "మీ ఇల్లెక్కడమ్మా?" అని ఎవరన్నా అడిగితే వ్యాను వైపు చెయ్యి చూపించేది. మామూలు రోజుల్లో డ్రైవరు ఉండేవాడు. బడికి సెలవులిస్తే నేనే తోలేవాణ్ణి. నేను హైస్కూల్లో సైన్సు మాస్టర్ని.

సూది వేసే ముందు ప్రతి మనిషినీ "ఈ పూట ఏం కూర?" అని అడిగేది. వాళ్ళు ఆలోచించి చెప్పేలోపల సూది దిగి, బయటికి కూడా వచ్చేసేది. ఎవరన్నా తల దించుకుని ఏమీ తినలేదంటే సూది పక్కన పెట్టి, తన గిన్నెలోది ముందు పెట్టేది. "ఖాళీ కడుపులోకి పోయిన మాత్ర ఏం జేస్తాది? అదీ ఏడుస్తా కూర్చుంటాది" అనేది. ఆ గిన్నెలో మిగిలిందే తన భోజనం. అందుకని మా ఇద్దరికీ వంట నేను కొంచెం ఎక్కువే చేసేవాణ్ణి.

ఇక గురక సంగతి. మీలో దాని మీద జోకులెయ్యని వాళ్ళెవరన్నా ఉన్నారా? ప్రసంగం మొదలైన ఐదు నిమిషాలకు ఆమె తల వాలిపోయేది. పులుసు కలుపుతూ గరిటె పట్టుకునే నిద్రపోయేది. పెళ్ళిళ్ళలో ఆమె గురక అనుకరించి అందరినీ నవ్వించింది నేను. ఆమె కూడా నవ్వేది. ఒకసారి ఒక గొర్రెల కాపరికి కాలి గాయం కడుగుతూ కత్తెర చేతిలో ఉండగానే తూలి నిద్రలోకి పోయింది. లేచి ఆ కత్తెర వైపు చూసుకుని భయపడింది. మర్నాడే మద్రాసు బస్సెక్కింది.

అక్కడి డాక్టరు చెప్పిందేమంటే, నిద్రలో ఆమె గొంతు మూసుకుపోతోంది. గంటలో ఎన్నోసార్లు ఊపిరి ఆగి, మళ్ళీ మొదలవుతోంది. గుండె ఇప్పటికే అలిసిపోయింది. రేడియో అంత పెట్టె ఒకటి ఇచ్చారు. దాన్నుంచి ఒక గొట్టం, గొట్టం చివర ముక్కుకు తగిలించుకునే తొడుగు. రాత్రంతా అది గాలి ఊదుతూ ఉంటే గొంతు మూసుకోదు. ఒక్క రాత్రి కూడా మానొద్దని గట్టిగా చెప్పి పంపారు. దానికి కరెంటు కావాలి.

"గురకకి మిషనా! రేపు నడకకి కూడా ఒకటి కొంటావా?" అన్నాడొక కమిటీ పెద్ద. "దేవుడిచ్చిన ఊపిరి చాల్లేదా ఏంది?" అన్నాడింకొకాయన. పెద్దమ్మ ఆయన వైపు తిరిగి, "ఊపిరి బాగా ఆడేవోళ్ళకి అన్నా, దాని గురించి మాట్లాడే తీరిక ఉంటాది" అంది. ఆమె కోపంగా మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఆమె తిరిగే పల్లెల్లో స్తంభాలుంటే తీగలు లేవు, తీగలుంటే కరెంటు లేదు. ఇంక వ్యాను మానెయ్యమని ఇంటిల్లిపాదీ పోరారు. "మిషను ఆత్మకూర్లో, రోగం నాతోపాటు పల్లెలో ఉంటే ఎట్టారా?" అని నన్నడిగింది. నేను చేసిస్తానన్నాను. సైన్సు మాస్టర్ని కదా, గొప్ప చూపించుకోవాలి. బ్యాటరీల షాపు అతనితో కూర్చుని ఇన్వర్టరు ఒకటి కట్టించాను. బల్ల కింద రెండు లారీ బ్యాటరీలు పెట్టి, వ్యాను నడిస్తే అవి చార్జయ్యేలా తీగలు లాగాను. మొదట్లో అర్ధరాత్రికే చేతులెత్తేశాయి. మిషనులో గాలిని తడిపే నీళ్ళ డబ్బా ఒకటుంటుంది. కరెంటంతా దాన్ని వేడి చెయ్యడానికే పోతోందని తర్వాత కనుక్కున్నాను. ఆ వేడి తీసేస్తే తెల్లారేదాకా ఆగాయి. ముక్కు ఎండిపోతోందని పెద్దమ్మ ఒక్కమాటంది, మళ్ళీ అనలేదు.

పూర్తిగా పరీక్షించింది సంగం దగ్గర, పెన్న ఒడ్డున. పొద్దున్నే వ్యాను తలుపు తీసుకుని దిగి, నదివైపు చూస్తూ నిలబడింది. "పడుకున్నాను, లేచినాను, అంతేరా. మధ్యలో ఏం లేదు. మనుషులంతా రోజూ ఇట్టానే పడుకుంటారా?" అంది. నాకు ఏడుపొచ్చింది. ఎన్నేళ్ళు నవ్వాను ఆమె మీద!

ఆ తర్వాత రెండేళ్ళు ఆమె ప్రసంగాల్లో నిద్రపోలేదు. ఆ సంగతి మీరెవరూ గమనించలేదు. గురక మిషనుకి డీజిలు తగలేస్తోందని మాత్రం గమనించారు.

ఇప్పుడు చివరి మకాం గురించి చెప్పాలి. వేసవి సెలవులు, కొండకింద పల్లె. కళ్ళకలకలు ఊరంతా అంటుకుని మూడు రోజులు అక్కడే ఉండిపోయాం. వ్యాను కదలకపోతే బ్యాటరీలు చార్జవవు. అందుకని సాయంత్రం పూట గంటసేపు ఇంజను ఊరికే నడిపేవాణ్ణి. మూడో రోజు మధ్యాహ్నం ఊరివాళ్ళు నలుగురు వచ్చారు. అందులో ఒకాయన ఇంట్లో బ్యాటరీ మీద నడిచే టీవీ ఉంది. వాళ్ళ ట్రాక్టరు బ్యాటరీ చచ్చి కూర్చుంది. అవతల ఇండియా మ్యాచి.

"సారూ, బండిలో రెండుండాయి గదా. ఒకటిస్తే సందేళకి తెచ్చిచ్చేస్తాం."

ఊరివాళ్ళని తిట్టాలని చాలా ఉంది నాకు. ఈ పది రోజులూ మనసులో తిడుతూనే ఉన్నాను. కానీ మ్యాచి చూడాలని నాకూ ఉంది. వ్యాను ముందు కళ్ళల్లో చుక్కలు వేయించుకునేవాళ్ళ బారు ఉంది. నేను వెళ్ళి, "ఒకటి చాలు పెద్దమ్మా, రాత్రికి సరిపోతాది, లెక్కేసినాను" అన్నాను.

ఆమె తలెత్తకుండా, "నీ ఇష్టంరా. ఆ లెక్కలు నాకేం తెలుసు?" అంది.

నా చేతుల్తోనే విప్పి ఇచ్చాను. ఇండియా గెలిచింది. ఈలలు వేసిన వాళ్ళలో నేనూ ఉన్నాను. బ్యాటరీ తెచ్చి మళ్ళీ తగిలించాను. అది పూర్తిగా దిగిపోయింది. అలా దిగిపోయిన బ్యాటరీ పక్కదాన్ని కూడా లాగేస్తుందని బళ్ళో పిల్లలకు నేనే చెప్పే పాఠం. ఆ సాయంత్రం ఇంజను నడపలేదు. మర్చిపోయాను. అన్నం తిని, వ్యాను పక్కన మడత మంచం మీద పడి నిద్రపోయాను.

తెల్లారి టీ పెట్టి తలుపు తట్టాను. పెద్దమ్మ బల్ల మీద కూర్చునే ఉంది, మందుల పెట్టెకు వీపు ఆనించి. మిషను మీట వేసే ఉంది. దాని మీది చిన్న దీపం వెలగడం లేదు. తొడుగు ఒళ్ళో పడి ఉంది. ఉదయగిరి డాక్టరు వచ్చి, గుండె ఆగిందన్నాడు. మిషను పనిచేస్తే బతికేదా అని అడిగాను. చెప్పలేమన్నాడు.

చూడటానికి వచ్చిన ఆడవాళ్ళంతా ఒకటే మాట. "ముఖం చూడండమ్మా, ఎంత నిమ్మళంగా ఉండాదో. పసిబిడ్డ మాదిరి." ఆత్మకూరు వచ్చేదాకా నేను కూడా ఒక మాట పట్టుకుని వేలాడాను. మిషను నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగింది, ఆమెకు తెలియకుండానే పోయింది, అని.

ఇంట్లో అమ్మ అక్కకు ముఖం కడుగుతూ ఆగింది. "చెంపల మీద గీతలు లేవేందిరా?" అంది.

ఆ తొడుగు పట్టీలు బిగుతుగా కట్టుకోవాలి, లేకపోతే గాలి పోతుంది. పొద్దున లేస్తే రెండు చెంపల మీదా ఎర్రటి గీతలు పడి, ఎండ ఎక్కేదాకా పోయేవి కావు. కాసేపు పెట్టుకున్నా పడేవి. ప్రాణం పోయాకైతే పడ్డవి పడ్డట్టే ఉండిపోతాయి. ఆ రోజు చెంపలు నున్నగా ఉన్నాయి.

అంటే తొడుగు పెట్టుకోనే లేదు. పడుకునే ముందే మీట వేసి చూసింది. దీపం రాలేదు. అప్పుడిక నిద్ర పట్టకూడదని పడుకోకుండా కూర్చుంది. నేను రెండు బారల దూరంలో ఉన్నాను, వ్యాను తాళం నా జేబులో ఉంది. "ఒరే" అని ఒక్క పిలుపు చాలు, ఇంజను వేసేవాణ్ణి. పిలవలేదు. పిలిస్తే నా లెక్క తప్పని నాకు తెలిసిపోతుంది.

అమ్మ తడిగుడ్డ పిండి, ఆ నున్నటి చెంపల మీద వేళ్ళతో మెల్లగా తడిమి వెతుకుతూనే ఉంది.