పోయొస్త అనని అక్క

నేను ఆరో తరగతి రెండేళ్లు చదివాను. ఆ తరగతి మీద ప్రేమతో కాదు; నన్ను పై తరగతికి పంపడానికి మా సారుకు భయం, మార్కులు పట్టుకుని ఇంటికి పోవడానికి నాకు భయం, ఇద్దరి భయాలూ కలిసి ఆ రెండో ఏడు గడిచిపోయింది. ఆ తర్వాత కొంచెం ధైర్యం వచ్చి, బడి మానేసి కేసముద్రం మార్కెట్లో బస్తాలు మోయడానికి పోయాను. కాబట్టి ఈ రాతలో తప్పులు కనబడితే సగం నావి, సగం మా సారువి అనుకుని చదువుకోండి.

మొన్న మానుకోట స్టేషన్‌లో మా మనవరాలిని రైలెక్కించాను. మహబూబాబాద్ అని బోర్డు మీద ఎంత పెద్దగా రాసినా మాకది మానుకోటే. పిల్ల హైదరాబాదులో నర్సింగు చదువుతోంది. రైలు కదిలాక కిటికీలోంచి చేయి ఊపి 'బై తాతా' అని, ఆ చేత్తోనే ఫోను తీసి చూసుకుంటూ పోయింది. తప్పేమీ లేదు, ఇప్పుడు అందరూ అనేది అదే. కానీ నేను మాత్రం ప్లాట్‌ఫారం మీద, ఎవరో ఏదో ఇవ్వాల్సింది ఇవ్వకుండా పోయినట్టు, చాలాసేపు నిలబడిపోయాను.

మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఉప్పు కోసం దుకాణానికి పోయినా సరే, గడప దాటేవాళ్లు 'పోతున్న' అనకూడదు. పోతున్న అంటే ఇక రానని. 'పోయొస్త' అనాలి, ఇంట్లో ఉన్నవాళ్లు 'పోయిరా' అనాలి. నోరు జారి పోతున్న అంటే ముసలమ్మలు వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి, మాట మార్చి అనిపించాకే పంపేవారు. ఆ మాట అనిపించడానికి నేను పడ్డ పాట్లు ఇన్నేళ్ల తర్వాత ఆ ప్లాట్‌ఫారం మీద గుర్తొచ్చాయి.

మా అక్క సంగతి అది. అమ్మా నాయినా తొందరగా కాలం చేస్తే నన్ను పెంచింది ఆమే. నా పెళ్లి చేసింది, నా పిల్లల పెళ్లిళ్లు చేసింది, ఆ హడావుడిలో తన పెళ్లి చేసుకోవడం మరచిపోయింది. జనగామలో ఒక మిషన్ దవాఖానలో నర్సుగా కానుపులు చేసేది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఒక తరానికి తరం ఆమె చేతుల్లోనే మొదటిసారి ఏడ్చింది. తీరా ఉద్యోగం విరమించి, మానుకోటకు వచ్చి నా మనవరాలిని ఎత్తుకుని కూర్చుంటుందనుకున్న ఏడాది, ఆఫ్రికాలో ఒక దేశానికి సేవకు పోతానంది. అక్కడి అడవి పల్లెల్లో కానుపులు చేసే దిక్కు లేదని, వచ్చినవాళ్లు ఏళ్ల తరబడి ఉండాలని మా చర్చి సంఘానికి కబురు వచ్చిందట. ఆ దేశం పేరు నేనెట్లా పలికినా ఏదో కూరగాయ పేరులా వినిపించేది. అక్క బతికి ఉన్నన్నాళ్లూ దాన్ని సరిగ్గా పలకలేకపోయాను.

అప్పుడు తెలంగాణ ఉద్యమం నిప్పు మీద ఉంది. ఇవాళ బంద్, రేపు రైల్ రోకో, ఎల్లుండి నడిరోడ్డు మీద వంటావార్పు. అక్క పాస్‌పోర్టు కోసం బయల్దేరిన ప్రతిసారీ హైదరాబాదు మూసి ఉండేది. సగం దారిలోంచి తిరిగొచ్చి చెప్పులు విప్పుతుంటే, "రాష్ట్రం వచ్చేదాంక నిన్ను దేశం దాటనియ్యరే అక్కా" అని ఏడిపించేవాణ్ని. పసుపు జ్వరానికి సూది వేయించుకుని వచ్చిన రోజున, "ఊరందరికి పొడిచినవు, ఇయ్యాల నీకు పడ్డది, సరికి సరి" అన్నాను. పైకి ఇట్లా నవ్వుతూ, లోపల మాత్రం ప్రతి బంద్‌కూ ఒక దండం పెట్టుకునేవాణ్ని.

శిక్షణకని కోస్తా దిక్కు ఒక పట్నానికి పిలిచారు. మూడు రాళ్ల మీద వండటం, చెంబెడు నీళ్లతో స్నానం చేయడం నేర్పారట. నెల్లికుదురు పక్క పల్లెలో పుట్టినదానికి అవి నేర్పడం చేపకు ఈత చెప్పడమే. శిక్షణ చూసే అమ్మగారు మంచి మనిషే గానీ, అక్క 'ఏంది' అన్నప్పుడల్లా 'ఏమిటి' అని దిద్దేదట. ఆఫ్రికావాళ్లకు ఏంది అయితే ఏమిటి, ఏమిటి అయితే ఏంది అని నేను నవ్వుతుంటే, అక్క ఎల్లిగడ్డలు ఒలుచుకుంటూ ఇంకో సంగతి చెప్పింది.

"నీకు ఆడ ఏమన్నయితే ఏడ పెట్టాలె, ఇంటికి తోలియ్యాల్నా అని అడిగిండ్రు తమ్మీ. ఆడనే పెట్టుండ్రన్న."

బియ్యం డబ్బా ఏ మూలన పెట్టాలో చెప్పినంత తేలిగ్గా చెప్పింది. నా నవ్వు ఆగిపోయింది. ఆ రోజు నుంచే గమనించాను: బజారుకు పోతే మామూలుగా పోయొస్త అనేది గానీ, ఆ ప్రయాణం గురించి ఎవరి దగ్గర సెలవు తీసుకున్నా పోతున్న అనే అనేది. అక్క మాట తప్పే మనిషి కాదు. నా చిన్నప్పుడు కొడతానంటే కొట్టింది, కొనిస్తానంటే కొనిచ్చింది. కాబట్టి ఆ ఒక్క మాట ఆమె నోట్లోంచి రాబడితే చాలు, ఏ అడవిలో ఉన్నా ఎప్పటికైనా తిరిగొచ్చి తీరుతుందని నా లెక్క. ఇక అదే నా పని అయింది.

నేరుగా అడిగి చూశాను. "వస్తనో రానో నాకు ఎరుకలేదు. ఎరుకలేని మాట ఎట్లంట?" అంది. అది ఆనవాయితీ మాటే గదా అన్నాను. "ఉత్త ఆనవాయితీకి అంటే నీకేం ఒరుగుతది?" అంది.

మా సంఘంలో ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ దేవుని పని కోసమని పిడికెడు బియ్యం వేరే కుండలో వేస్తారు. సమ్మెలతో జీతాలు ఆగి, కూలి దొరకక, కుండలే అడుగంటిన ఆ నెలల్లో కూడా అక్క ప్రయాణానికని ఆ పిడికిళ్లు ఆగలేదు. ఆ బియ్యం చర్చిలో వేలం వేసిన ఆదివారం అక్క లేచి నిలబడి, "మీ పిడికిళ్ల మీద పోతున్న" అంది. ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నా వల్ల కానిది ఇంతమంది ఏడిస్తే అవుతుందేమోనని చూశాను. కాలేదు.

చివరికి బస్సులు తిరిగిన ఒక రోజు చూసుకుని భూపాలపల్లిలో మా మేనత్త దగ్గరికి తీసుకుపోయాను. మామ బొగ్గుబాయిలో పని చేసేవాడు. అత్త బొట్టు పెద్దది, నోరు ఇంకా పెద్దది. మేము చర్చికి పోతామని ఆమెకు ఎప్పుడూ చిన్న చూపే గానీ, కోడిని మాత్రం మా కోసమే పెంచేది. తిన్నాక అక్క చేతులు కడుక్కుని, "పోతున్న అత్తమ్మా" అనగానే నేను ఎదురుచూసిన తిట్లు మొదలయ్యాయి.

"ఏందే గా మాట! సచ్చెటోళ్ల లెక్క! పోయొస్త అనరాదా? నీ దేవుడు నాలుకకు తాళమేసిండా?"

అక్క వంగి ఆమె కాళ్లు పట్టుకుంది గానీ ఆ మాట అనలేదు. అత్త కొంగుతో ముక్కు తుడుచుకుని, "నువ్వనకపోతివి, నేనే అంట. పోయిరా బిడ్డా, పోయిరా" అని అక్క తల నిమిరింది. తిరుగు బస్సులో అక్క ముఖం కిటికీ దిక్కు తిప్పుకుని కూర్చుంది. ములుగు దాటినా ఇటు తిరగలేదు. నేను జోకు వేయని ప్రయాణం నా జీవితంలో అదొక్కటే.

బయల్దేరే రోజు రైళ్లు లేవు. తెలిసినవాళ్ల జీపు అడుక్కుని తొర్రూరు మీదుగా నేనే నడుపుకుంటూ పోయాను. జనగామ దాటబోతుంటే రోడ్డుకు అడ్డంగా రాళ్లు, పొయ్యిల మీద గుండిగల్లో అన్నం, జెండాలు, పోరగాళ్లు. నేను దిగి పోయి విమానం సంగతి చెప్పాను. వాళ్లు అక్కను చూసి గుర్తుపట్టి, సిస్టరమ్మ అయితే ఇప్పుడే దారి ఇస్తామన్నారు. అప్పుడు నా బుర్రలో దయ్యం లేచింది. ఊరికే ఇవ్వొద్దు, ఒక మాట అనిపించి ఇవ్వండని వాళ్ల చెవిలో వేశాను. ఒక పిల్లగాడు హుషారుగా వచ్చి జీపులోకి తల పెట్టాడు.

"సిస్టరమ్మా, ఊకె పోనియ్యం. పోయొస్త అను, రాళ్లు జరుపుతం."

అక్క వాణ్ని చూసింది. వాడి వెనక నన్నూ చూసింది. "ఎవరి కొడుకువు రా నువ్వు?" అంది. వాడు నాయిన పేరు చెప్పాడు.

"నువ్వు ఎదురుకాళ్లతోని పుట్టినవు బిడ్డా. పాణం దక్కుతదని ఒక్క మాట అను సిస్టరమ్మా అని మీ నాయిన గోడకు తల కొట్టుకున్నడు. నేననలే. ఎరుకలేదనే చెప్పిన." వాడి చెంప మీద చేయి వేసి, "పోతున్న. జర రాళ్లు జరుపు" అంది.

వాడు తనే వంగి రాళ్లు జరిపాడు. జీపు కదులుతుంటే అందరూ జై తెలంగాణ అన్నారు. అక్క కూడా అంది. ఆ మాట మాత్రం వెనకాముందు చూడకుండా అంది.

విమానాశ్రయం గుమ్మం దాకానే నన్ను రానిచ్చారు. "తొక్కు డబ్బా మూత గట్టిగ పెట్టిన అక్కా, విమానంల వాసనొస్తే నడిమిట్లనే దించుతరు, పైలం" అన్నాను. అక్క నవ్వి, నేను ఆరో తరగతిలో ఉన్నట్టే నా తల మీద చేయి పెట్టి, "పోతున్న తమ్మీ" అని లోపలికి పోయింది.

తర్వాత కొన్నాళ్లకు ఆ శిక్షణ అమ్మగారు ఫోను చేసి అక్క గురించి అడిగితే, మా అక్క పోయిందమ్మా అన్నాను. అంతే, ఆమె ఘొల్లుమని ఏడ్చి, అప్పటికప్పుడు ఆదరణ ప్రార్థన మొదలుపెట్టింది. వాళ్ల దిక్కు పోయింది అంటే చనిపోయిందని అర్థమట. పోవడానికి వాళ్లు వెళ్లడమంటారు. మాకు బజారుకు పోయినా పోవడమే. ఆ సంగతి తెలిసి ఇద్దరం నవ్వుకున్నాం, ఆమె ఏడుపు మధ్యలోనే నవ్వింది.

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు మళ్లీ ఆమే ఫోను చేసింది. గొంతు తగ్గించి, "మీ అక్కగారు పోయారండీ" అంది. నేను, "ఎక్కడికమ్మా?" అని అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆ చాలాసేపట్లోనే నాకు అర్థమైంది.

జ్వరం వచ్చిందట. చెప్పినట్టే అక్కడే పెట్టారు. ఎర్ర మట్టి, చెక్క సిలువ, చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ల చంకల్లో పిల్లలు. ఆ ఫోటో ఒకటి వచ్చింది. ఇప్పుడు జనగామ ఒక జిల్లా, మానుకోట ఒక జిల్లా, భూపాలపల్లి ఒక జిల్లా. మూడు చోట్లా కలెక్టరు ఆఫీసులు. రోడ్డుకు రాళ్లు అడ్డం పెట్టేవాళ్లు లేరు, రైళ్లు ఆగవు, ఎవరైనా ఎటైనా సులువుగా పోతున్నారు. మాట కూడా సులువైంది. బై అనేదాంట్లో పోవడమూ లేదు, రావడమూ లేదు. అందుకే దాన్ని పట్టుకుని ఎవరి కోసమూ ఎదురుచూడలేం.

ఆ దేశం పోయాక వచ్చిన మొదటి క్రిస్మస్‌కు అక్క ఫోను చేసింది. మాట అటు చేరి ఇటు రావడానికి మధ్యలో కొంచెం ఖాళీ ఉండేది. ఎప్పటిలాగే గెలుకుదామని, "ఇప్పుడన్న పోయొస్త అనక్కా, ఆలస్యమైనా తీసుకుంట" అన్నాను. ఆ ఖాళీ గడిచింది. అటునుంచి ఆమె గొంతు వచ్చింది.

"భూపాలపల్లి దాంక తోల్కపోయినవు, జనగామల పోరగాళ్లను ఉసిగొల్పినవు, అన్ని చేసినవు. పోయిరా అక్కా అని నువ్వొక్కపారన్న అన్నవా రా?"