పెరిసి టీచరమ్మ కుర్చీ జప్తు

మ్వాలోగా ఊరి బడికి గేటు వచ్చింది. గోడ రాలేదు.

రెండు సిమెంటు స్తంభాలు, మధ్యన నీలం రంగు ఇనుప తలుపులు, పైన కమాను, కమాను మీద "చదువే జీవితానికి తాళంచెవి" అని ఎర్రటి అక్షరాలు. తలుపులకు తాళం కూడా వేశారు. స్తంభాలకు అటుపక్క నుంచీ ఇటుపక్క నుంచీ మేకలు, పిల్లలు, దుమ్ము ఎప్పటిలాగే వచ్చిపోతున్నాయి. తాళంచెవి మాత్రం హెడ్మాస్టరు షిగెలా గారి జేబులో భద్రంగా ఉంది. జీవితానికి సంబంధించిన వస్తువు కదా, ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదు.

ఆ గేటు వెనకాల, రేకులు సగం లేచిపోయిన మూడో గదిలో పెరిసి టీచరమ్మ ఒకటో తరగతి చెబుతుంది. నలభై అయిదు మంది కోసం కట్టిన గది అది. పిల్లలు నూట డెబ్బై ఒక్కరు. ఫీజులు ఎత్తేసిన నాటి నుంచి నడక వచ్చిన ప్రతి పిల్లా బడికే నడిచింది, సంతోషమే. పిల్లల వెనకాలే గదులూ బెంచీలూ కూడా కాళ్లు తెచ్చుకుని నడిచొస్తాయని పైవాళ్లు నమ్మారు. ఆ నమ్మకం ఇంకా చెక్కుచెదరలేదు.

హాజరు పిలవడానికే ఒక పీరియడు చాలదు. అందులోనూ మా వైపు కవలలు జాస్తి. ముందు పుట్టినవాళ్లకు కుల్వా, వెనక పుట్టినవాళ్లకు డోటో, ఇంకో పేరు పెట్టరు. తరగతిలో ఏడు జతలున్నాయి. "డోటో" అంటే ఏడుగురు లేస్తారు. కవల కాకపోయినా సరదా కొద్దీ ఎనిమిదోది కూడా లేస్తుంది.

బెంచీలు తొమ్మిది. బెంచీకి నలుగురు. టీచరమ్మ బిస్కెట్ల అట్టపెట్టె చింపి, దాని మీద వంతుల పట్టీ రాసి తలుపుకు మేకు కొట్టింది. ఒక్కొక్కరికి వారంలో ఒక్క రోజు బెంచీ. పిల్లల్ని ఇళ్లలో కూడా అలాగే పిలవడం మొదలుపెట్టారు, మాది సోమవారం పిల్ల, మావాడు గురువారం పిల్లాడు అని. తన వంతు రోజున జ్వరం వస్తే, జ్వరానికి కాదు, పోయిన బెంచీకి ఏడుస్తారు.

మిగతావాళ్లు నేల మీద. పుస్తకం ఎక్కడ పెట్టుకుని రాస్తారంటే, ముందు కూర్చున్నవాడి వీపు మీద. ఆ వీపు అలా కదలకుండా ఉండాలి. మధ్యలో ఒకరు తుమ్మితే వెనకాల నాలుగు వరసల్లో "బ"లన్నీ తోకలు తిప్పుకుంటాయి. తరగతి మొత్తానికి మంచి వీపు డోటోలలో చిన్నదానిది. వెడల్పుగా, చదునుగా, దూలంలా కదలని వీపు. దాని వెనక చోటు కోసం పొద్దున్నే పరుగులు పెడతారు. పాపం, దానికి తుమ్ములు ఎక్కువ.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ నవంబరులో వానలు పడితే ఆ నేల బురద. పోయిన ఏడు వానల్లో ముప్ఫై ఎనిమిది మంది బడి మానేశారు. తల్లులు, "బురదలో కూర్చోడానికి ఇంటి దగ్గర స్థలం లేదా టీచరమ్మా" అన్నారు. వాన వెలిసినా వాళ్లలో ఒక్కరూ తిరిగి రాలేదు. ఈ ఏడు వానలకు ఆరు వారాలే ఉంది. బెంచీల కోసం ఆమె పంతొమ్మిది ఉత్తరాలు రాసింది. పంతొమ్మిదింటికీ ఒకటే జవాబు: ప్రక్రియ జరుగుతోంది. జవాబు రాసినాయన దస్తూరీ మాత్రం ముత్యాలే. బల్ల మీద పెట్టి రాసుంటాడు.

పెరిసి టీచరమ్మది డొడోమా వైపు, గోగో వాళ్ల పిల్ల. ఇరవై రెండేళ్ల కిందట మా సుకుమా వాళ్ల మధ్యకు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే నెరిసింది. గోగో వాళ్లకూ సుకుమా వాళ్లకూ తాతల నాటి నుంచీ పరాచికాల వరస. ఎంత మాటన్నా అనొచ్చు, పడాలి. చావింట్లో గొయ్యి తవ్వే పార మీద వరసైనవాడు కూర్చున్నాడంటే, ఏదో ఒకటి ఇచ్చి విడిపించుకోవాల్సిందే. కోపం తెచ్చుకున్నవాడి పరువు పోతుంది. గోగో వాళ్లను అడుక్కునేవాళ్లని మావాళ్లు ఎగతాళి చేస్తారు, మావాళ్లకు ఆవుకున్న తెలివే ఉందని వాళ్లంటారు. ఇరవై రెండేళ్లుగా ఆమెకు రోజూ పొద్దున్నే దక్కే పలకరింపు ఇదే.

గేటు ప్రారంభోత్సవం రేపనగా, బడిలో జావ కాచే హోలో వాళ్లమ్మ వేపచెట్టు కింద కుండ కలుపుతూ మొదలుపెట్టింది.

"ఏం వదినా, రేపు పెద్ద ఆఫీసరొస్తున్నాడంట. చిప్ప తోముకున్నావా?"

"తోమాను. నీ జావలో ముంచి చూశా, అడుగు కనబడింది. పిండి వెయ్యడం మర్చిపోయావేమో చూసుకో."

"నూట డెబ్బై మందికి ఒక డబ్బా పిండి ఇచ్చి, చిక్కగా కాయమంటే ఎక్కడ కాసేది? నేనేమన్నా మంత్రగత్తెనా? అది సరే, ఎలికానా వాళ్లావిడ నీళ్ల దగ్గర ఏదో చెప్పిందంట కదా నీకు."

"నీకెవరు చెప్పారు?"

"ఎలికానా వాళ్లావిడే."

ఎలికానా వార్డు ఆఫీసులో గుమాస్తా. ఆఫీసు వెనకాల, అడవిలో దొంగతనంగా చెట్లు కొట్టినవాళ్ల దగ్గర పట్టుకున్న చెక్కలు రెండు వానాకాలాలుగా పడి ఉన్నాయి. వాటిని బడికి ఇవ్వొచ్చు. రేపొచ్చే ఆ పెద్ద ఆఫీసరు ఒక్క సంతకం పెడితే చాలు. ఆయన పెట్టలేదు, చెదలు మాత్రం సంతకాలేవీ అడక్కుండా తమ వాటా తాము తినేస్తున్నాయి. ఇదీ నీళ్ల దగ్గర తెలిసిన సంగతి. ఆ సాయంత్రం టీచరమ్మ ఇరవయ్యో ఉత్తరం రాసింది. దాన్ని టపాలో వెయ్యలేదు, మడిచి చేతిసంచిలో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే షిగెలా గారు ఇస్త్రీ చొక్కాతో, చెమటతో వచ్చారు.

"టీచరమ్మా, మీ తొమ్మిది బెంచీలూ బయట వేయించండి. అతిథులు కూర్చోవాలి."

"ఇవాళ మంగళవారం పిల్లల వంతు సారూ."

"అతిథులు నేల మీద కూర్చుంటారా?"

"పిల్లలు కూర్చుంటున్నారుగా."

"వాళ్లు పిల్లలు, అలవాటైపోయింది" అని ఆయన మంచి మనసుతోనే అన్నారు. తరవాత గొంతు తగ్గించారు. "చూడమ్మా, ఇవాళ ఏమీ మాట్లాడకు. బదిలీ కాగితం రాయడానికి వాళ్లకు ప్రక్రియలూ గిక్రియలూ అక్కర్లేదు."

బెంచీలు బయటకు వెళ్లాయి. కొట్టు యజమాని ఇంటి నుంచి ఒక సోఫా కుర్చీ వచ్చింది, తెల్లదారంతో అల్లిన గుడ్డలు కప్పుకుని పెళ్లికూతురిలా. పిల్లలు తెల్లారినప్పటి నుంచి ఎండలో వరసకట్టి ఉన్నారు. ఆఫీసరు లుగ్విషా గారు చెప్పిన వేళకు రెండున్నర గంటలు ఆలస్యంగా దిగి, పిల్లల క్రమశిక్షణను ఎంతో మెచ్చుకున్నారు. తరవాత చదువు గొప్పతనం మీద, గేటు గొప్పతనం మీద మాట్లాడారు. గేటున్న బడిని చూస్తే పిల్లలకు చదవాలనిపిస్తుందట. ఆయనా ఈ సుకుమా నేల బిడ్డే. జనం ఆవులించడం చూసి చమత్కారానికి దిగారు.

"ఇక్కడ గోగో వాళ్లెవరైనా ఉన్నారా? ఉంటే ముందే చెప్పండి, జేబులు పట్టుకుంటాను."

ఊరంతా పడిపడి నవ్వింది. వేళ్లన్నీ పెరిసి టీచరమ్మ వైపు తిరిగాయి. ఆమె లేచి చేతులు కట్టుకుంది.

"ఉన్నాను బావగారూ. మీరు పట్టుకోండి జేబులు, మా చూపు జేబుల మీద లేదు."

ఇంకోసారి నవ్వారు. షిగెలా గారు మాత్రం నవ్వలేదు.

లుగ్విషా గారు గేటు దగ్గరికి వెళ్లి రిబ్బను కత్తిరించారు, తాళం తీశారు. అందరూ గేటులోంచి లోపలికి వెళ్లి, పక్కనుంచి బయటికి వచ్చారు. చప్పట్లు కొట్టారు. ఆయన వచ్చి కూర్చోబోతే, సోఫాలో పెరిసి టీచరమ్మ ఉంది. సంచి ఒళ్లో పెట్టుకుని, కాళ్లు చాపుకుని. చుట్టూ నూట డెబ్బై ఒక్కరు నేల మీద మఠం వేసుకుని ఉన్నారు.

"టీచరమ్మా, లే. ఏంటిది?" అన్నారు షిగెలా గారు.

"కుర్చీ జప్తు సారూ. వరస కలిపింది బావగారే. విడిపించుకోమనండి."

లుగ్విషా గారి నుదుటి మీద నరం ఒకటి లేచింది. అందరూ ఆ నరం వైపే చూశారు. అది మెల్లిగా అణిగింది. ఆయన నవ్వి, జేబులోంచి ఒక నోటు తీశారు.

"ఇదిగో మరదలా, చాయ్ తాగు."

"అది అడుక్కునేవాళ్లకి ఇవ్వండి. నేను జప్తుకొచ్చాను."

"బెంచీల సంగతైతే ప్రక్రియ జరుగుతోంది."

"నేను కూర్చోవడం కూడా ప్రక్రియే బావగారూ. జరుగుతోంది."

అతిథుల కోసం వండిన పలావు చల్లారుతున్న వాసన వస్తోంది. ఊరి పెద్ద మాసెలె తాత కర్ర ఊతంగా లేచాడు. తొంభై ఏళ్ల మనిషి, అందరి వరసలూ ఆయనకు కంఠతా.

"అయ్యా, మన తాతల కాలం నుంచి ఒకటే లెక్క. పట్టుకున్నది ఎలాంటిదో, విడిపించేది కూడా అలాంటిదే అవ్వాలి. కూర్చునేది పట్టుకుంది, కూర్చునేదే ఇవ్వాలి. నేనూ ముసలోణ్ని, ఆకలేస్తాంది. తొందరగా కానియ్యండి."

టీచరమ్మ సంచిలోంచి కాగితం తీసింది. "వార్డు ఆఫీసు వెనక జప్తు చేసిన చెక్కలున్నాయి. జప్తుకి జప్తు చెల్లు. మీరు సంతకం పెట్టండి, నేను లేస్తాను."

లుగ్విషా గారు కాగితం చదివారు. పలావు వైపు చూశారు. పెన్ను తీశారు. పెట్టుకుని రాయడానికి బల్ల కోసం చుట్టూ వెతికారు. బల్ల ఎక్కడుంది? పెద్దవాళ్లు మొహాలు చూసుకున్నారు గానీ, పిల్లలకు ఇందులో వింతేమీ లేదు. చిన్న డోటో లేచి వచ్చి, ఆయన ముందు వీపు తిప్పి, నడుం వంచి నిలబడింది. రోజూ చేసే పనే.

నవ్వు మొహాన్నే ఉంది గానీ దాన్ని ఏం చేసుకోవాలో ఆయనకు తోచలేదు. కాగితం ఆ వీపు మీద పరిచి సంతకం మొదలుపెట్టారు. సరిగ్గా "లు" దాటి "గ్వి" దగ్గరకు వచ్చేసరికి డోటో తుమ్మింది.

టీచరమ్మ లేచింది. సోఫా మీద అల్లిక గుడ్డలు సర్దింది. అందరూ పలావు తిన్నారు. పిల్లలు జావ తాగారు.

మూడో రోజున ఆ కాగితం పట్టుకుని వార్డు ఆఫీసుకు వెళితే, ఎలికానా పాత ఫైలు తీసి, పక్కన పెట్టి పోల్చి చూశాడు.

"సంతకం కలవట్లేదు టీచరమ్మా. ఇక్కడ చూడండి, తోక ఆకాశంలోకి పోయింది. దీన్ని నమ్మి సర్కారు సొమ్ము ఇవ్వలేను."

"ఊరంతా చూస్తుండగా పెట్టాడు నాయనా."

"ఊరి సంతకం కాదుగా నాకు కావాల్సింది."

ఆమె గొడవ పడలేదు. ఎలికానాకు కూడా ఆమే అక్షరాలు దిద్దించింది. కష్టమైన పాఠం నోటితో చెబితే వాడికి ఎక్కదని, చేసి చూపించాలని తెలుసు. మర్నాడు నూట డెబ్బై ఒక్కరినీ వెంటేసుకుని ఆఫీసుకే వచ్చింది. గది నిండి, వరండా నిండి, మిగతావాళ్లు కిటికీలు పట్టుకున్నారు.

"ఇవాళ పాఠం ఇక్కడే. నాయనా, నీ సంతకం నీకు వచ్చా?"

"వస్తుంది."

"డోటో వీపు మీద పెట్టి చూపించు."

వాడు నవ్వి, కాగితం తీసుకుని వంగాడు. ఈసారి డోటో తుమ్మలేదు, ఊపిరి మాత్రమే పీల్చింది. దానికే ఎలికానా పేరు మెట్లు దిగినట్టు కిందికి జారింది. వాడు దాన్ని పాత జీతం కాగితం మీది సంతకం పక్కన పెట్టుకుని చూశాడు. మళ్లీ చూశాడు.

"కలిసిందా?" అంది టీచరమ్మ.

"లేదు."

"మరి అది నీ సంతకం కాదా? జీతం వెనక్కిచ్చేస్తావా?"

కిటికీల్లోంచి పిల్లలు నవ్వారు. ఎలికానా తల గోక్కున్నాడు. కాసేపటికి ఫైలులో ఒక వాక్యం రాశాడు: "సంతకం సరైనదే. పెట్టిన చోటు కదిలినది." ముద్ర వేశాడు. మా వార్డు ఆఫీసు చరిత్రలో అంత నిజమైన వాక్యం ఇంకోటి ఉండదు.

చెదలు వదిలేసిన చెక్కలతో వడ్రంగులు ముప్ఫై బెంచీలు చేశారు, రాసుకునే పలక జోడించి మరీ. ప్రతి బెంచీ వెనకా "లుగ్విషా గారి కానుక" అని తెల్లరంగుతో రాయించమని పైనుంచి కబురొచ్చింది. కబురు మాత్రం ఆలస్యం లేకుండా వచ్చింది. వానలకు ఇంకా నాలుగు రోజులుందనగా బెంచీలు గదిలో చేరాయి. మొదటి రోజున పిల్లలు పుస్తకం పలక మీద పెట్టుకోవడం మానేసి, ముందు బెంచీ వాడి వీపు అందక చేతులు చాచుకుంటూ అవస్థపడ్డారు. వీపు కదలనిదే అక్షరం ఎలా వస్తుందో వాళ్లకు అర్థం కాలేదు.

వాన పడింది. ఈ ఏడు ఎవరూ బడి మానలేదు. పైగా బెంచీలున్నాయని పక్క ఊళ్లకు తెలిసి యాభై మూడు మంది కొత్తగా చేరారు, అందులో రెండు జతలు కుల్వా డోటోలు. పోయినేడు బురదకు మానేసినవాళ్లలో పదకొండు మంది వాళ్ల అమ్మల చేతులు పట్టుకుని గేటు పక్కనుంచి లోపలికొచ్చారు.

హోలో వాళ్లమ్మ జావ కుండతో గుమ్మం దగ్గర ఆగి లోపలికి తొంగిచూసింది. బెంచీల మధ్య, అటూ ఇటూ, కాళ్ల కింద, మళ్లీ నేల మీద పిల్లలు.

"ఏం వదినా, అంత అడుక్కొచ్చావు గదా. ఇందులో నీకో కుర్చీ లేదా?"

"జప్తు చెయ్యడానికి ఇంకో ఆఫీసరు రావాలి" అంది పెరిసి టీచరమ్మ నిలబడే. ఒక బిస్కెట్ల అట్టపెట్టె చింపి, తలుపు మీద పాత పట్టీ పీకేసి, కొత్త వంతులు రాయడం మొదలుపెట్టింది. ఈసారి ఒక్కొక్కరికి వారంలో మూడు రోజులు బెంచీ దక్కేటట్టుంది. ఆమె రాసుకోడానికి అనువుగా చిన్న డోటో అప్పటికే వచ్చి వీపు తిప్పి నిలబడింది.

"నువ్వెళ్లి కూర్చో తల్లీ" అంది టీచరమ్మ, "ఇవాళ నీ వంతు."