పెనుకొండ దాటినాక

విమానంలో కిటికీ పక్క సీట్లోకి ఒదిగి కూర్చుంటుండగా మోచేతికి మెత్తగా ఏదో తగిలింది. పక్క సీటు ఆమె పట్టుచీర కొంగు, దాని చివర కుచ్చులు. వల అల్లినట్టు ముడి కింద ముడి వేసి, చివర పోగులు గుత్తిగా వదిలారు. చూడకముందే అవి చేత్తో కట్టినవని తెలిసిపోయింది. నా వేళ్ళు వాటంతటవే ఒక కుచ్చును పట్టుకుని ముడి బిగువు చూశాయి. పరాయి మనిషి కొంగు పట్టుకున్నానన్న స్పృహ ఆ తరువాత వచ్చింది. ఏమీ అనుకోవద్దన్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వులోనే చనువు దొరికిందేమో, మొహమాటపడుతూ ఒక మాట అడిగింది. వాళ్ళమ్మకు వెనక ఎక్కడో సీటు పడిందట. నా కిటికీ సీటు ఆమెకు ఇస్తానా అని.

విమానంలో ప్రయాణికుల బాగోగులు చూడటమే నా ఉద్యోగం. ఈరోజు మాత్రం ఢిల్లీలో డ్యూటీ ఎక్కడానికి బెంగళూరు నుంచి ప్రయాణికురాలిగా వెళ్తున్నాను. సీటు మార్చమని ఎవరూ అడగని విమానం ఇన్నేళ్ళలో నేను ఎక్కలేదు. భార్య ఒకచోట, భర్త ఒకచోట. కాళ్ళు చాచుకోలేని పొడుగాయన. స్నేహితులతో కబుర్లు లేకపోతే ఊపిరాడని కాలేజీ పిల్లలు. అందరికీ ఇంకెవరో కూర్చున్న సీటే కావాలి. ఈమెకు ఏం చెప్పాలో నాకు తడుముకోకుండానే నోటిదాకా వచ్చింది. ఆ జవాబు నేర్పిన మనిషి బతుకంతా బస్సుల్లో తిరిగింది, విమానం ఎక్కింది ఒక్కసారే. ఆమె పేరు జైతూన్‌బీ. మాకు జైతూనక్క.

హిందూపురం మార్కెట్ వెనక సందులో ఆమెకు ఒక గది ఉండేది. ధర్మవరం నుంచి పట్టుచీరలు తెచ్చి, కొంగు చివర మగ్గం మీద వదిలేసిన పోగులకు కుచ్చులు కట్టించి తిరిగి పంపడం ఆమె పని. మాది రొద్దం దగ్గర పల్లె. వానలు మొహం చాటేసి వేరుసెనగ ఎండిపోయాక నాయన మమ్మల్ని హిందూపురం తెచ్చాడు. నేను డిగ్రీ చదువుతూ, కాలేజీ వదలగానే ఆ గదికి వెళ్ళి చాప మీద గోడవారగా కూర్చుని కుచ్చులు కట్టేదాన్ని. జైతూనక్క మంచిదే గానీ, ముందు ఆమె నోటి గురించి చెప్పాలి. సందు మొదట్లో ఆమె గొంతు వినబడితే గదిలో అందరి వీపులూ నిటారుగా అయ్యేవి. ముడి నచ్చకపోతే తిట్టేది, విప్పేసేది, మళ్ళీ పక్కనే కూర్చుని మొదటి ముడి తానే వేసి ఇచ్చేది. కళ్ళజోడు కాడ ఎప్పుడో విరిగితే మిగిలిపోయిన పట్టుదారంతో కట్టుకుంది. కొత్తది కొనుక్కోమంటే, ఈ జోడుకు ఉన్న అందం దేనికుండాది అనేది. ఆ దారం రంగు మాత్రం పండగకోసారి మారేది.

చీరలు తేవడానికి నన్ను వెంటబెట్టుకుని ధర్మవరం బస్సెక్కేది. మా వైపు బస్సుల్లో సీటు సంపాదించడానికి ఒక పద్ధతి ఉంది. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసరాలి. తువ్వాలు పడిన సీటు దాని యజమానిది. జైతూనక్క ఎప్పుడూ తువ్వాలు విసరలేదు. నిదానంగా ఎక్కి, కూర్చున్న మనిషి మొహంలోకి చూసి, యాడ దిగుతావప్పా అని అడిగేది. ఆయన చెప్పిన ఊరిని బట్టి బేరం మొదలయ్యేది. ఫలానా ఊరిదాకా నువ్వు, ఆడ్నుంచి మేము. లేదా మొదట మేము, తరువాత నువ్వు. ఎవరి సీటూ పూర్తిగా అడిగేది కాదు. ఎంత దూరానికి కావాలో చెప్పి, అంతవరకే అడిగేది. బస్సులో సగంమందికి ఆమె తెలుసు. మిగతా సగం దిగేలోపల తెలుసుకునేవాళ్ళు.

ఒకసారి బస్సులో నాకు జ్వరం తగిలింది. చీరల మూట మీద ఆనుకుని నిలబడలేక నిలబడ్డాను. పక్కన కూర్చున్నాయన ధర్మవరం దాకా వెళ్ళే మనిషి. జైతూనక్క ఆయన్ను పెనుకొండ వరకు సీటు నాకు ఇమ్మని, అక్కణ్ణుంచి మళ్ళీ ఆయనే కూర్చోవచ్చని చెప్పి ఒప్పించింది. కూర్చోగానే నిద్రపోయాను. పెనుకొండ బస్టాండులో భుజం పట్టి లేపేసింది. ఒళ్ళు కాలిపోతున్న పిల్లను లేపుతుందే అని నాకు ఏడుపొచ్చింది. పాపం ఆయనే, పండుకోనీలే అక్కా, నాకేం కాదు అన్నాడు. జైతూనక్క వినలేదు. పెనుకొండలో దిగేవాళ్ళను వెతికి, నన్ను ఇంకో సీట్లో కూర్చోబెట్టి, తన కొంగు చివర తడిపి నా నుదుటి మీద వేసింది. నేను మొహం తిప్పుకున్నాను. ఆయనే వద్దన్నాడు కదా, ఎందుకు లేపావని నిలదీశాను.

"అడిగేది తప్పు కాదు మంజులా," అంది. "ఇంతదాంకా అని చెప్పి, అంతకు మించి కూర్చునేది తప్పు. ఈ పొద్దు మనం లేస్తేనే, రేపు ఇంగొకరు అడిగితే ఆయప్ప లేస్తాడు."

"ఇయ్యనంటే ఏం చేసేదానివి?"

"ఏం చేస్తా? నిలబడతా. సీటు ఆయప్పది. ఇయ్యననే మాట కూడా ఆయప్పదే."

జ్వరంలో ఆ మాటలు నాకు పెద్దగా ఎక్కలేదు. కానీ ఆరోజు నుంచి బస్సులో తువ్వాలు విసిరేవాళ్ళను చూస్తే నాకెందుకో నవ్వొచ్చేది.

విమానంలో ఉద్యోగానికి నేను ఎంపికైనప్పుడు ఇంట్లో పెద్ద రభస జరిగింది. చదివించింది పైకెక్కి పదిమందికీ నీళ్ళందించడానికా అని నాయన అన్నం మానేసి కూర్చున్నాడు. జైతూనక్క వచ్చింది. మా అరుగు మీద కూర్చుని, అవ్వ ఇచ్చిన మజ్జిగ తాగి, ఏమీ ఎరగనట్టు మొదలుపెట్టింది. "అన్నా, సీటు కోసం బస్సులో జుట్టు పట్టుకున్నోళ్ళను నువ్వూ చూసినావు, నేనూ చూసినా. దిగిపోదామన్నా దిగేదానికి లేని చోట, అంతమందిని కొట్లాట లేకుండా కూర్చోబెట్టేది చిన్న పనా?" నాయన లేచి కాళ్ళు కడుక్కున్నాడు. తరువాత అన్నం పెట్టమన్నాడు. ఇప్పుడు ఆయన మా బంధువుల్లో ఎవరు కలిసినా మొదట చెప్పేది నా ఉద్యోగం గురించే. జైతూనక్క మాటనే తన మాటగా చెబుతాడు. నేను సరిదిద్దను.

జైతూనక్క పుట్టింది పెనుకొండలో, దర్గాకు వెళ్ళే సందులో. చిన్నప్పుడు కొండెక్కి కోట గోడల మీద తిరిగిందట. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంటికి వచ్చినప్పుడు, బెంగళూరు నుంచి ఢిల్లీ వైపు వెళ్ళేటప్పుడు పెనుకొండ పైనుంచి కనబడుతుందని చెప్పాను. ఆమె చేతిలో ముడి ఆగిపోయింది. కొండ కనపడుతుందా, గోడ కనపడుతుందా, చెరువు ఎంతుంటుంది అని గుచ్చిగుచ్చి అడిగింది. కిందినుంచి తల ఎత్తి చూసిన కొండను ఒక్కసారి పైనుంచి చూడాలని ఉండాదే అంది. ఆమె నోట ఇది కావాలి అన్న మాట నేను వినడం అదే మొదలు. ఆ తరువాత ఢిల్లీలో ఏదో చీరల ప్రదర్శనకు ఆమెను రమ్మన్నారు. నా డ్యూటీ ఉన్న విమానంలోనే, పెనుకొండ కనబడే వైపు, ముందు వరుసల్లో కిటికీ సీటు వెతికి తీసుకున్నాను.

ఆమె ఎక్కింది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని కిటికీకి దగ్గరగా కూర్చుంది. జోడు కాడకు ఆరోజు ఆకుపచ్చ దారం. ఆమె పక్కన కొత్తగా పెళ్ళయిన అమ్మాయి, మోచేతుల దాకా ఎర్ర గాజులు. భర్తకు చిట్టచివరి వరుసలో ఇద్దరి మధ్య సీటు పడింది. అతను నేరుగా నా దగ్గరికి వచ్చి, ఈ పెద్దావిడను నా సీటుకు పంపండి, మేమిద్దరం కలిసి కూర్చుంటాం అని హిందీలో చెప్పాడు. కసిరి చెప్పలేదు, మర్యాదగానే చెప్పాడు. కాకపోతే ఆమె పక్కనే ఉండగా ఆమె వైపు చూడనైనా చూడలేదు. తలుపులు మూసే వేళయింది. మా సీనియర్ నా చెవిలో, ముసలావిడే కదా, ఎలాగో ఒప్పించి త్వరగా తెమల్చమంది. నా ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. ఆలస్యానికి కారణం నేనని ఆమె రాస్తే అంతే సంగతులు. కానీ ఆ కిటికీ పోతే జైతూనక్కకు పెనుకొండ పోతుంది. నేను అతనితో, "సార్, సీటు ఆమెది. అడగాల్సింది నన్ను కాదు, ఆమెను," అన్నాను. సీనియర్ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

అతను కాస్త తడబడి, జైతూనక్క వైపు వంగి అడిగాడు. ఆమె అతన్నీ, ఎర్ర గాజుల అమ్మాయినీ మార్చి మార్చి చూసింది. బస్సులో చూసిన చూపే. "ఇస్తా నాయనా," అంది హిందీలో. "పెనుకొండ దాటినాక."

అతనికేమీ అర్థం కాక నా వైపు చూశాడు. అది మా ఊరి దగ్గర కొండ అనీ, విమానం పైకి లేచిన కాసేపటికే వస్తుందనీ, అది చూశాక ఆమె లేస్తుందనీ చెప్పాను. ముందు ఆ అమ్మాయి నవ్వింది. తరువాత అతనూ నవ్వేసి వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. విమానం ఎక్కి ఊరి పేరు చెప్పి సీటు బేరమాడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తరువాతా చూడలేదు. ఆమెకు అందులో వింతేమీ కనబడలేదు. సీటంటే సీటే, బస్సయితేనేం, విమానమైతేనేం.

పైకి లేచేటప్పుడు మేము ముందు భాగంలో ప్రయాణికుల వైపు తిరిగి కూర్చుంటాం. కాబట్టి ఆరోజు పెనుకొండను నేను చూడలేదు. పెనుకొండను చూస్తున్న జైతూనక్కను చూశాను. నుదురు అద్దానికి ఆనించింది. పెదవులు ఏదో లెక్కపెడుతున్నట్టు కదిలాయి. ఉన్నట్టుండి ఎర్ర గాజుల చెయ్యి పట్టి లాగి, వేలితో కిందికి చూపించింది. ఆ అమ్మాయి కూడా వంగి చూసింది. జైతూనక్క కుడిచెయ్యి నుదుటికి తాకించి కొండకు సలాం చేసింది. నాకు కళ్ళు నిండిపోయాయి. డ్యూటీలో ఉన్నానని కూడా గుర్తులేదు.

సీటు బెల్టు దీపం ఆరగానే ఆమె సంచి తీసుకుని లేచింది. ఆ అబ్బాయి వచ్చి, వద్దమ్మా, మీరే కూర్చోండి, ఈమె కూడా మీతోనే బాగుందంటోంది అన్నాడు. జైతూనక్క అతని భుజం తట్టి, అందరి మధ్య నుంచి నిదానంగా నడిచి, చివరి వరుసలో ఇద్దరి మధ్య వెళ్ళి కూర్చుంది. నీళ్ళు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు, అంత కష్టపడి ఆ సీటు పట్టానే అక్కా, అతనే వద్దంటున్నాడు కదా అన్నాను.

"నా ఊరు చూసినా. ఇంగ ఢిల్లీ దాంకా కిటికీ నాకెందుకు?" అంది. నీళ్ళ గ్లాసు నా చేతికిస్తూ, "నువ్వు ఆ పిల్లోణ్ణి నన్నే అడగమన్యావు సూడు, ఆ మాట పెనుకొండ కన్నా బాగుండాది," అంది.

నాకు తరువాత ప్రమోషన్లు వచ్చాయి, మెచ్చుకోలు పత్రాలు వచ్చాయి. వాటిని ఎక్కడ పెట్టానో వెతుక్కోవాలి. ఈ మాట ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు.

జైతూనక్క పోయి చాలాకాలమైంది. ఆ గదిలో ఇప్పుడు వేరెవరో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. మా ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలకు నేను నేర్పే మొదటి పాఠం మాత్రం ఆమెదే. సీటు ఎవరిదో వాళ్ళనే అడగండి, వాళ్ళ కళ్ళ ఎత్తుకు వంగి అడగండి, కాదనవచ్చని కూడా చెప్పండి. కాదంటే మొహం మాడ్చుకోకండి. కలకత్తా నుంచి, కొచ్చి నుంచి వచ్చిన పిల్లలు దీన్ని పెనుకొండ పద్ధతి అంటారు. వాళ్ళలో చాలామందికి పెనుకొండ ఎక్కడుందో తెలియదు. ఆ పేరు వాళ్ళ నోళ్ళలో వంకర తిరిగి వినబడినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

పక్కనున్నామె ఇంకా నా జవాబు కోసం చూస్తోంది. "తప్పకుండా ఇస్తానమ్మా," అన్నాను. "పెనుకొండ దాటనివ్వండి." అదేమిటని అడిగింది. చూపిస్తానన్నాను. విమానం లేచింది. పొలాలు, రాళ్ళగుట్టలు, దారంలా సన్నటి రోడ్డు దాటాక కొండ వచ్చింది. ఆమెను దగ్గరికి రమ్మని వేలితో చూపించాను. కుడిచెయ్యి నుదుటికి తాకించాను. బెల్టు దీపం ఆరింది. వాళ్ళమ్మను పిలవమని చెప్పి లేచి నిలబడ్డాను.