పది నిమిషాలు ముందున్న ఇల్లు

మా తమ్ముడు ప్రేమ్‌రాజ్ గొంతు ఒకప్పుడు బస్ స్టేషనంతా మోగేది. ఫలానా ప్లాట్‌ఫారం మీద కర్నూలు బస్సు సిద్ధంగా ఉందని వాడు మైకులో చెబితే, కర్నూలుతో ఏ పనీ లేనివాళ్లు కూడా ఒకసారి అటు తిరిగి చూసేవారు. డ్యూటీ దిగి మలక్‌పేటలో ఇంటికొచ్చాకైనా ఆ నోటికి విశ్రాంతి ఉండేదా అంటే, లేదు. డాబా మీద ఏరియల్ తీగ కట్టి, సర్కారు పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని, మేడ గదిలో హామ్ రేడియో సెట్టు పెట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే నిజామాబాద్ వాళ్లతో, తిరునల్వేలి వాళ్లతో, ముక్కూ మొహం తెలియని సింహళం వాళ్లతో కబుర్లు. వీధి చివర ఇరానీ హోటల్ సాబ్, "ప్రేమ్‌రాజ్ భాయ్‌కు రేడియో కైకూ? కిటికీ తెరిస్తే సాలు గదా" అని ఎగతాళి చేసేవాడు.

ఆ గొంతును నిరుడు డాక్టర్లు తీసేశారు. క్యాన్సర్. ప్రాణం దక్కింది, మాట పోయింది. మెడ ముందు చిన్న రంధ్రం పెట్టారు, ఊపిరంతా అందులోంచే. నేను నర్సుగా చేసి రిటైరైనదాన్ని, ఇలాంటి పేషెంట్లను ఎందరినో చూశాను. అయినా సొంత తమ్ముడు పలక మీద "అక్కా, నీళ్లు" అని రాసి చూపిస్తే, గ్లాసు వాడి చేతికిచ్చి వంటింట్లోకి పోయి ఏడ్చాను.

రోగం కన్నా వాడి మొండితనం నన్ను ఎక్కువ చంపింది. గొంతు పోయిన సంగతి రేడియో స్నేహితులకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. నిజామాబాద్‌లో బట్టల కొట్టున్న అమరనాథ్ వాడికి ప్రాణం. ఇద్దరూ రేడియోలో కలిసినవాళ్లే, ఎదురెదురుగా చూసుకున్నది తక్కువ. అతను ఫోన్ చేసినప్పుడల్లా "ఊర్ల లేడయ్యా" అని నేను అబద్ధం చెప్పాలి. చెప్పీ చెప్పీ నాకే విసుగు పుట్టింది. కొన్నాళ్లకు అతనూ ఫోన్ చేయడం మానేశాడు. వీడు గడ్డం గీసుకోవడం మానేశాడు, చర్చికి రావడం మానేశాడు, అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచేవాడు.

ఒకరోజు పలక మీద రాసి చూపించాడు. రేడియో సెట్టు అమ్మేస్తున్నాడట. వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఎవరో వచ్చి తీసుకుపోతారట. తీగ కూడా విప్పేస్తాడట.

నాకు ఒళ్లు మండింది. భయం కూడా వేసింది. ఆ సెట్టు గడప దాటిన రోజున వీడు మంచం ఎక్కుతాడు, ఇక దిగడు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. గొంతు ఉన్న రోజుల్లో అమరనాథ్ ఒక ప్రోగ్రాం గురించి వీడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు. ఎవరో శాస్త్రవేత్త, తోటి రేడియోవాళ్లు కలిసి రాసి లోకానికి ఊరికే ఇచ్చారట. కంప్యూటర్‌ను రేడియోకు తగిలిస్తే చాలు, మన పేరుకు బదులుండే కాల్‌సైన్ ఈలలుగా మారి గాలిలోకి పోతుంది, అవతలివాడి కంప్యూటర్ ఆ ఈలలను చదువుకుని అక్షరాలుగా చూపిస్తుంది. మనిషి చెవికి అందనంత సన్నటి ఈలనైనా పట్టుకుంటుంది. అప్పట్లో వీడు నవ్వేవాడు, గొంతు లేకుంటే అదేం రేడియో అని.

"గా అమరనాథ్ చెప్పిన ప్రోగ్రాం పెట్టరాదు?" అన్నాను.

"అది మిషన్ల లొల్లి" అని రాశాడు.

"మరి టెలిగ్రాం లెక్క చుక్కలు గీతలు కొట్టేదుంటది గదా, అది నేర్సినవు గదా."

వేళ్లు చాచి చూపించాడు. మందుల దెబ్బకు కొసలు మొద్దుబారిపోయాయి, మీట సరిగ్గా పట్టుకోలేడు.

"అయితే ఇగ మిషనే దిక్కు. నోరు లేదని కూసుంటే నడుస్తదా? అమ్మేదేదో ఒక్కపారి చూసి అమ్ము, నేను అడ్డం రాను" అన్నాను. మాట కాస్త కటువుగానే వచ్చింది. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు గాని, మొండివాడికి అక్క అంతకన్నా బలవంతురాలు. నా పోరు పడలేక ఆ సాయంత్రమే ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌లో దాన్ని దింపుకున్నాడు.

ఆ వారమంతా ఏం జరిగిందంటే, ఏమీ జరగలేదు. స్పీకర్‌లో సన్నగా ఈలలు వినబడతాయి, తెర మీద రంగు రంగు గీతలు జారతాయి, అక్షరం మాత్రం ఒక్కటీ పడదు. వాడు వైర్లు మార్చాడు, డాబా ఎక్కి తీగ బిగించాడు, మళ్లీ మళ్లీ పిలిచాడు. పలికే నాథుడు లేడు. శనివారం పలక మీద "సెట్టు గూడ సచ్చింది. ఇగ సాలక్కా" అని రాసి, నా ఒళ్లో పెట్టి వెళ్లిపోయాడు.

ఇక్కడ మా మరదలు, ప్రేమ్ భార్య మాణిక్యమ్మ గురించి చెప్పాలి. బంగారం లాంటి మనిషి, కానీ ఆలస్యమంటే ఆమెకు జ్వరమొస్తుంది. మొగుడు తన పెళ్లికి తానే ఆలస్యంగా వచ్చినవాడు, ఆమె తప్పు లేదు. అందుకని ఇంట్లో గడియారాలన్నీ పది నిమిషాలు ముందు పెడుతుంది. హాల్లోది, వంటింట్లోది, వాడి చేతిది, నా మంచం పక్కన అలారం. ముందున్నాయని అందరికీ తెలుసు కాబట్టి అందరం పది నిమిషాలు తీసేసి చూసుకుంటాం, ఆలస్యం కావడం కావడమే. ఇదేంది మాణిక్యం అంటే, "మన గడియారం కరెక్టే వదినా, మీరే ఎనకున్నరు" అంటుంది. పెళ్లైన నాటి నుంచి ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు.

ఆదివారం పొద్దున చర్చికి తయారై మేడ మీదికి టీ తీసుకెళ్లాను. వాడు సెట్టు దుమ్ము తుడుస్తున్నాడు, అప్పగించడానికి. ల్యాప్‌టాప్ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. ఈలలు వస్తూనే ఉన్నాయి. నేను కుర్చీలో కూర్చుని విన్నాను. మా చర్చి క్వయర్‌లో పాడేదాన్ని, చెవి ఊరికే ఉండదు. ఈలలన్నీ ఒక్కసారి మొదలవుతున్నాయి, ఒక్కసారే ఆగుతున్నాయి. కాస్త ఊపిరి పీల్చుకుని మళ్లీ అందరూ కలిసి ఎత్తుకుంటున్నారు. తెర అడుగున మాత్రం ఒక పచ్చ గీత మెల్లగా నిండుతోంది, అది ఎక్కడో పాట మధ్యలో మొదలై, ఇంకో పాట మధ్యలో ఆగుతోంది.

"ప్రేమ్, ఈళ్లంత ఊపిరి తీసుకొని ఎత్తుకునే కాడ నీ డబ్బా మొదలువెడతలేదురా. నడిమిట్ల మొదలువెడుతున్నది" అన్నాను.

వాడు నా వైపు విసుగ్గా చూశాడు. తర్వాత గీత వైపు చూశాడు. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఉన్నట్టుండి ల్యాప్‌టాప్ మూలనున్న టైము చూసి, జేబులోంచి మొబైల్ తీసి దాని పక్కన పెట్టాడు. ల్యాప్‌టాప్ పది నిమిషాల చిల్లర ముందుంది.

ఆ ముందు పెట్టింది వాడే. ఎప్పుడో మాణిక్యం దానిలో కూడా టైము మార్చమని వెంటపడితే, దానంతట అది సరిచేసుకోకుండా ఆపి మరీ పెట్టాడు, మరిచిపోయాడు. ఆ ప్రోగ్రాంలో ప్రపంచమంతా నిమిషాన్ని నాలుగు ముక్కలు చేసుకుని ఒకే క్షణాన మొదలుపెడతారట. పది నిమిషాలంటే నిండు ముక్కలే కాబట్టి ఏం కాదట, దాని మీది చిల్లర సెకన్లే కొంప ముంచాయట. ఇదంతా వాడు తర్వాత రాసి చెప్పాడు. అప్పుడు మాత్రం కుర్చీ పట్టుకుని భుజాలు ఎగరేస్తూ చప్పుడు లేకుండా నవ్వాడు. ఆపరేషన్ తర్వాత వాడు నవ్వడం నేను చూడలేదు. పిల్లను చంకన పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, వారం రోజులు తప్పును డాబా మీద వెతికాం.

టైము సరిచేశాడు. పచ్చ గీత ఒకసారి నిండింది. తెర మీద అక్షరాలు వరసగా పడ్డాయి. ఇండోనేషియా, జపాన్, కేరళ, ఇంకెవరో రష్యా. ఇన్నాళ్లూ వీళ్లంతా మా గదిలోనే ఉన్నారు. వాడు మొద్దుబారిన వేలితో మీట నొక్కి తన కాల్‌సైన్ పంపాడు. తర్వాతి ముక్కలోనే ఇండోనేషియా మనిషి వాడి కాల్‌సైన్ ఎత్తి జవాబిచ్చాడు, పక్కన మైనస్ పంతొమ్మిది అని అంకె. చాలా సన్నగా వినబడుతున్నావని దానర్థమట.

"ఇనపడ్డవు గదా" అన్నాను. వాడు తల ఊపాడు, కళ్లు తుడుచుకున్నాడు. నా గుండెల మీది బండ దిగింది.

"మధ్యానం అచ్చెటోనికి రావద్దని ఫోన్ చేస్తున్న" అన్నాను. వాడు కాదనలేదు.

వాడి మొబైల్ తీసుకుని నంబరు వెతికేలోగా అదే మోగింది. అమరనాథ్.

"సుశీలక్కా, ఇప్పుడే నా కంప్యూటర్ మీద మనోని కాల్‌సైన్ పడ్డది. వాడేనా, ఇంకెవరన్న వాడుతున్నరా?" అన్నాడు. "వాడు పోయిండనుకున్న అక్కా. అడుగుదమంటే మీరేం చెప్తరో అని భయమై ఫోన్ బంద్ చేసిన."

నేను తమ్ముడి మొహంలోకి చూశాను. ఫోన్‌లో గొంతు వాడికీ వినబడింది. చెప్పమని వాడు తల ఊపాడు.

"ఉన్నడయ్యా. గొంతు తీసేసిన్రు. మనిషి ఉన్నడు" అన్నాను.

"ఫోన్ వాని చెవికి వెట్టు."

పెట్టాను. "ప్రేమ్, ఇంటున్నవారా? ఇంటే తట్టు" అన్నాడు అమరనాథ్. వాడు టీ చెంచా తీసుకుని గ్లాసు మీద టక్ టక్‌మని రెండుసార్లు తట్టాడు. అవతల అమరనాథ్ ఏడుపు ఆపుకోలేక తిట్లు మొదలుపెట్టాడు, నిజామాబాద్‌లో ఉన్న తిట్లన్నీ. వీడు ప్రతి తిట్టుకూ ఒకసారి గ్లాసు మీద కొడుతున్నాడు.

అప్పుడే మెట్లెక్కి మాణిక్యం వచ్చింది, పట్టుచీర కట్టుకుని, బైబిల్ సంచి చంకన పెట్టుకుని. చర్చికి టైమైందని అరుస్తుందని, ఆమె నోరు తెరవకముందే నేను లేచాను. ఆమె మొగుడి వైపు చూసింది, వాడి చేతిలో చెంచా వైపు చూసింది. నా చెయ్యి పట్టుకుని మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఇంకా టైమున్నది వదినా" అంది. "మన గడియారం పది నిమిషాలు ముందున్నది. మాట్లాడుకోనీ."